అనాసకి పొయ్యి మీద కాస్త చోటు

ఈ వేసవి మొదట్లో మా చెల్లెలు వాళ్ళ గృహప్రవేశం జరిగింది. భోజనాల దగ్గర నా పక్కనే పెదనాన్న కూర్చున్నారు. చారు పోయించుకుని అన్నం కలుపుతుంటే పచ్చటి ముక్క ఒకటి ఆయన వేళ్ళకి తగిలింది. దాన్ని విస్తరి అంచుకి తోసేసి, "ఇదేంటే, చారులో పైనాపిల్ వేశారు? బంగారం లాంటి పండుని ఉడకబెట్టి పాడుచేస్తారా ఎవరైనా?" అన్నారు. పంక్తిలో మరో ఇద్దరు తలూపారు. నేనేమీ మాట్లాడలేదు. ముక్కని పక్కన పెట్టారు గానీ, ఆ చారు మాత్రం పెదనాన్న రెండోసారి అడిగి మరీ పోయించుకున్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయన ఒక్కరే కాదు, మనలో చాలామందిది అదే అభిప్రాయం. అనాసపండంటే కోసుకుని తినాలి, లేదంటే జ్యూస్ తీసుకుని తాగాలి. పొయ్యి మీద పెడితే పండుకి అన్యాయం చేసినట్టే. నా నమ్మకం దీనికి పూర్తిగా ఎదురు. మన ఊళ్ళ బజార్లకి వచ్చే అనాసల్లో ఎక్కువ భాగం పొయ్యి మీదకే బాగుంటాయి. వాటిని పళ్ళుగా చూసి నిరాశపడతాం గానీ, చింతకాయనీ మామిడికాయనీ చూసినట్టు చూస్తే వాటి విలువ తెలుస్తుంది.

నేను పాలకొండ దగ్గర పెరిగాను. వానలు మొదలయ్యాక సీతంపేట కొండల నుంచి అనాసలు దిగేవి. కొండవాలుల్లో సవర గిరిజనులు పండించే పళ్ళు. సంతలో నేల మీద గుట్టలు పోసి అమ్మేవాళ్ళు. బస్సు ఆ గుట్టల పక్కన ఆగితే కిటికీలోంచి వాసన లోపలికి వచ్చేది. ఇంటికొచ్చాక నాన్న పీట వేసుకుని కూర్చుని కోసేవారు. ముందు పైన పిలక, కింద అడుగు తీసేసి, తొక్క పైపైన చెక్కేవారు. అప్పటికి పండు ఒంటి నిండా గోధుమరంగు కళ్ళు మిగిలేవి. వాటిని ఒక్కొక్కటిగా తవ్వితే సగం కండ పోతుంది. కళ్ళు ఏటవాలుగా వరసలు కట్టి ఉంటాయి కాబట్టి, ఆ వరస వెంబడే కత్తిని రెండు వైపుల నుంచీ వాల్చి గాడిలా తీసేవారు. వరస మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చేది. రసం ఆయన మణికట్టు మీదుగా మోచేతి దాకా కారేది. ఆ ముక్కల మీద ఉప్పూ కారమూ చల్లుకుని తిన్నవాళ్ళం మేము. అలాంటి పండుని ఉడకబెట్టమంటే నాకూ మనసొప్పదు. పెదనాన్న మనసులో ఉన్నదీ ఆ పండే అని నాకు తెలుసు.

మాగబెడితే తియ్యబడదు

ఇప్పుడు హైదరాబాద్‌లో నేను కొనే పండు మాత్రం అది కాదు. ఇక్కడే మనం పొరబడుతున్నాం అనిపిస్తుంది.

మామిడి, అరటి, సపోటా కాయలుగా ఉన్నప్పుడు కోసినా గడ్డిలోనో బియ్యంలోనో పెడితే మాగి తియ్యబడతాయి. కాయలో దాచుకున్న పిండి పదార్థం చెట్టు నుంచి తెంపాక కూడా చక్కెరగా మారుతుంది. అనాసలో అలా దాచుకున్న పిండి లేదు. తీపంతా మొక్క నుంచే రావాలి. మొక్క నుంచి వేరుచేసిన రోజుతో తీపి ఆగిపోతుంది. ఆ తర్వాత పైతొక్క పసుపురంగుకి తిరగొచ్చు, కండ మెత్తబడొచ్చు, వాసన కూడా కొంచెం పెరగొచ్చు. తీపి మాత్రం కోసిన రోజు ఎంతో అంతే. నాలుగు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి చూసిన మా పక్కింటావిడ, "పండిందనుకుంటే పులిసిపోయిందండీ" అంటే నాకు ఆశ్చర్యమనిపించలేదు.

పూర్తిగా పండిన అనాస లారీ ప్రయాణానికి తట్టుకోదు. దూరం పోవాల్సిన పండుని ముందే కోయక తప్పదు. రైతుదీ వ్యాపారిదీ తప్పని నేననను. కానీ దాని ఫలితం మన పళ్ళెంలోకి వస్తోంది. పుల్లగా, గట్టిగా, నాలుకని గీరేసే ముక్కలు. వాటి మీద పంచదార చల్లుకుని, ఇదే అనాస రుచి అనుకుంటున్నాం. ఇంకో వైపు బేకరీ కేకులోనూ, పెళ్ళి భోజనాల కేసరిలోనూ ఎసెన్స్ రుచికి అలవాటుపడి, అసలు పండు తింటే ఏదో తక్కువైనట్టు ముఖం పెడుతున్నాం. మా అన్నయ్య కూతురు నిజం అనాసతో చేసిన కేసరి తిని "ఇందులో పైనాపిల్ వాసన రావట్లేదత్తా" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి సీసాలోది అసలు వాసన, పండుది నకిలీ అయిపోయింది. ఆ మాటకి నాకు నిజంగా బాధేసింది.

కేసరి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. పండుని ఉడికిస్తే పాడైపోతుందని నమ్మేవాళ్ళు పైనాపిల్ కేసరిని మాత్రం కాదనరు. అందులో వేసేదీ ఉడికించిన ముక్కలే. నెయ్యీ పంచదారా ఉంటే సరే, ఉప్పూ కారమూ అయితే కాదు. మన అభ్యంతరం నిప్పు మీద కాదు, పండు తీపివైపే ఉండాలన్న పట్టుదల అది.

గట్టిగా పుల్లగా ఉన్న ముక్కల్ని వేడి మూకుట్లో అర చెంచా నూనెతో వేసి పెద్దమంట మీద ఉంచి చూడండి. ముందు చుయ్యిమని నీరు వదులుతాయి. కలపకండి, తొందరపడకండి. నీరు ఇగిరి, శబ్దం సన్నబడి, అంచులు గోధుమరంగుకి తిరిగాక ఒక్కసారి తిప్పండి. ఆ ఐదారు నిమిషాల్లో వంటింట్లో వాసన మారిపోతుంది. పుల్లటి పచ్చి వాసన పోయి, బెల్లప్పాకానికి దగ్గరగా ఏదో వస్తుంది. ముక్కలోని నీరు తగ్గి, ఉన్న కొద్దిపాటి తీపి చిక్కబడటం వల్ల, అంచున మాడుతున్న చక్కెర వల్ల ఆ మార్పు. మొక్క ఇవ్వలేకపోయిన తీపిని నిప్పు ఇవ్వలేదు గానీ, ఉన్నదాన్ని నాలుకకి తెలిసేలా చేస్తుంది.

అలా వేయించిన ముక్కలతో నేను ఎక్కువగా చేసేది రోటి పచ్చడి. మినప్పప్పు, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి దంచి, చివర్లో ముక్కలు వేసి కచ్చాపచ్చాగా నూరడమే. మిక్సీలో వేస్తే పీచు సన్నబడిపోయి జావలా అవుతుంది, నాకు నచ్చదు. రెండోది ముక్కల పులుసు. మామూలుగా వేసే చింతపండులో సగమే వేసి, బెల్లం బాగా తగ్గించి, వేయించిన ముక్కల్ని పులుసు సగం మరిగాక వేస్తాను. గుమ్మడికాయ ముక్కలా చితికిపోదు, ఎంత మరిగినా ముక్క ముక్కగానే ఉంటుంది. మర్నాటికి ఇంకా బాగుంటుంది. చారు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కందిపప్పు కట్టు, టమాటా, మిరియాలు, జీలకర్ర, దించే ముందు నాలుగు ముక్కలు చిదిమి వేయడం, కొత్తిమీర. అంతే.

చింతపండు ఉండగా ఎందుకు?

ఈ ప్రశ్న మా అమ్మ వేసింది. పెదనాన్న మాటకి నా దగ్గర వెంటనే జవాబుంది గానీ అమ్మ మాటకి లేకపోయింది. "పులుపు కావాలంటే ఇంట్లో చింతపండుంది, నిమ్మకాయుంది, వేసవిలో మామిడికాయుంది. వంద రూపాయలు పెట్టి పండు కొని పులుసులో వెయ్యడమెందుకు?" అంది.

ఇది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. అనాస మన దేశానికి పోర్చుగీసు వాళ్ళతో 16వ శతాబ్దంలో వచ్చింది. దాని పేరు కూడా వాళ్ళ నోటి నుంచి వచ్చిందే. దక్షిణ అమెరికా ఆదివాసుల మాట పోర్చుగీసులో అనానాస్ అయి, మన దగ్గర అనాస అయింది. పరాయి పండు కాబట్టి మన వంటలో కలవలేదని కొందరంటారు. అది నిలబడదు. మిరపకాయా ఆ సముద్రం దాటి వచ్చిందే, టమాటా కూడా అక్కడిదే. ఆ రెండూ లేని తెలుగు వంటిల్లు ఇవాళ ఊహించలేం. నాకు తోచిన కారణం వేరే. మిరపకాయ వచ్చేనాటికి మన దగ్గర కారానికి ఎక్కువగా మిరియాలే దిక్కు, అవి అందరికీ అందేవి కావు. మిరప పెరట్లో కాసింది, నిలిచిపోయింది. పులుపుకి మాత్రం అప్పటికే ఊరూరా చింతచెట్టుంది. అనాస వచ్చి నిలబడటానికి ఆ చోటు ఖాళీ లేదు. కేరళలో అనాస పచ్చడి, ఉడిపి మంగళూరు వైపు అనాసతో చేసే మెణసుకాయి కూర, బెంగాలీల ఇళ్ళలో అనాస చట్నీ పండగ వంటలుగా నిలబడ్డాయి. వాళ్ళకీ చింతపండు ఉంది, మామిడి ఉంది. అయినా అనాసకి ఒక చిన్న చోటిచ్చారు.

చింతపండు స్థానంలో అనాస రావాలని నేననడం లేదు. చింతపండు పులుపు ఒంటరిది, దానికి పక్కన బెల్లం కావాలి. అనాసలో పులుపూ తీపీ వాసనా ఒక్కసారే ఉంటాయి. ఇలాంటి రుచి మనకి కొత్త కూడా కాదు. వెలగపండుని బెల్లంతో నూరి పచ్చడి చేసుకున్నవాళ్ళం. మామిడిపండుతో పులుసు పెట్టుకునే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి. పండు అనగానే పొయ్యికి దూరంగా ఉంచాలన్న నియమం మన పాతవంటలో ఎక్కడా లేదు. అది మధ్యలో వచ్చింది. బహుశా పళ్ళంటే ఆరోగ్యం, ఆరోగ్యమంటే పచ్చిగా తినడం అన్న ఆలోచనతో వచ్చిందేమో.

ఆరోగ్యం గురించి ఎదురయ్యే మాటలో నిజముంది. ఉడికిస్తే సి విటమిన్ కొంత పోతుంది. సి విటమిన్ కోసమే తినేవాళ్ళు పచ్చిగానే తినాలి. నేను చారు తాగేది విటమిన్ కోసం కాదు.

ధర విషయంలో అమ్మతో ఇప్పటికీ సగమే ఏకీభవిస్తాను. హైదరాబాద్‌లో పండు కొని పులుసు పెట్టుకోవడం ఖరీదే. అదే మా వైపు సీజన్‌లో కుప్పలుగా దిగినప్పుడు, చిన్నవనీ వంకరవనీ వ్యాపారి పక్కన పడేసే పళ్ళు ఉంటాయి. వాటిని కొనే ఇల్లు లేకపోవడానికి కారణం వాటిని తినే పండుగానే చూడటం. వంకర వంకాయని ఎవరూ వదిలేయరు. ఎందుకంటే అది కూరలోకి పోతుందని అందరికీ తెలుసు. కొండ మీద నుంచి నెత్తిన మోసుకొచ్చిన పండు సాయంత్రానికి చవగ్గా పోవడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. దాన్ని కూరగాయ లెక్కన కూడా కొనే ఇళ్ళు పాలకొండలోనో శ్రీకాకుళంలోనో కొన్ని ఉన్నా ఆ సాయంత్రం బేరం ఇంకోలా ఉండేదని నా ఆశ.

చేదెక్కిన పెరుగుపచ్చడి

నిప్పు తగలకపోతే ఏమవుతుందో ఒకసారి బాగా అనుభవమైంది. మా అమ్మాయి పుట్టినరోజుకి యాభై మందికి భోజనం బయట చెప్పాం. మెనూలో పైనాపిల్ రైతా ఉంది. ఉదయం పదింటికి తెచ్చి పెట్టారు, ఒంటిగంటకి వడ్డించారు. మొదటి చెంచాకే చేదు. పెరుగు పాడైందేమోనని గిన్నె మార్చారు, అదీ చేదే. వంటాయన పాపం పెరుగు కొన్న చోటికి ఫోన్ చేసి గొడవపడ్డాడు. పెరుగుది తప్పు కాదు. ఉడికించని పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది. పాలూ పెరుగులోని ప్రొటీన్ అలా తెగినప్పుడు పుట్టేవి చేదుగా ఉంటాయి. కలిపిన వెంటనే తింటే తెలియదు, మూడు గంటలు ఊరితే గిన్నె మొత్తం పారబోయాల్సిందే. పచ్చి అనాస ఎక్కువగా తింటే నాలుక మండటానికీ దీని పాత్ర ఉంది.

ముక్కల్ని ముందు నాలుగైదు నిమిషాలు ఉడికించి చల్లారబెట్టి కలిపితే ఈ బాధ ఉండదు. ఆ ఎంజైమ్ వేడికి పనిచేయడం మానేస్తుంది. బేకరీల్లో క్రీమ్ మధ్య డబ్బా పైనాపిల్ వాడితే చేదెక్కకపోవడానికీ కారణం ఇదే. డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడిచేసి ఉంటారు. మిల్క్‌షేక్ చేసుకునేవాళ్ళు కూడా పండుని కాసేపు పంచదారతో ఉడికించి చల్లార్చి అప్పుడు పాలు కలపండి. పచ్చి ముక్కలతో జెలటిన్ జెల్లీ గట్టిపడదు. ఉడికించిన ముక్కలతో గట్టిపడుతుంది.

ఇదే గుణం మాంసం దగ్గర పనికొస్తుంది. ముదురు మటన్‌కి పచ్చి బొప్పాయి పట్టించినట్టే అనాస రసమూ పట్టించొచ్చు. అయితే బొప్పాయి కొలతలతో చేయకండి. నేను రాత్రంతా ఉంచి ఒకసారి అర కిలో కోడి ముక్కల్ని పిండిపిండి చేసుకున్నాను. చికెన్‌కి అరగంట చాలు.

గ్లాసులో

తాగే వాటి విషయంలో నా మాట ఒక్కటే. అనాస రసంలో నీళ్ళూ పంచదారా కలిపి ఊరుకుంటే ఆ పండుకి తోడు లేనట్టుంటుంది. దానికి కొవ్వో, కారమో, ఉప్పో కావాలి.

కొవ్వు అంటే నా ఉద్దేశం కొబ్బరిపాలు. అనాసనీ కొబ్బరినీ కలిపే పీన్యా కొలాడా అనే పానీయం కరీబియన్ దీవి పోర్టోరికో వాళ్ళది. రాజధాని శాన్ హువాన్‌లో కరీబే హిల్టన్ హోటల్ బార్‌టెండర్ రామోన్ మరేరో 1954లో దాన్ని తయారుచేశాడని ఆ హోటల్ చెబుతుంది. ఆ ఊళ్ళోనే మా దగ్గర పుట్టిందనేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1978లో పోర్టోరికో దాన్ని తమ అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. రమ్ పోసినా పోయకపోయినా అందులో పని చేసేది కొబ్బరి. కొబ్బరిపాలలోని కొవ్వు పులుపు మొనని అణుస్తుంది. మన ఇళ్ళలో కొబ్బరికాయకి కరువేముంది? కొబ్బరి తురిమి గోరువెచ్చని నీళ్ళతో పిండిన మొదటి పాలు ఒక గ్లాసు, అనాస రసం రెండు గ్లాసులు, చిటికెడు ఉప్పు, ఐసు. మూత గట్టిగా బిగించిన సీసాలో వేసి బాగా కుదిపితే పైన వేలెడు మందాన నురగ కడుతుంది. అనాస రసానికి కుదిపితే నురగ కట్టే గుణముంది. అందుకే బార్లలో వాళ్ళకి అదంటే అంత ఇష్టం. మా మరిది రమ్ కలుపుకుంటాడు, నేను అలాగే తాగుతాను.

కారం అంటే పానకం. శ్రీరామనవమి పానకంలో నీళ్ళు సగం తగ్గించి అంత అనాస రసం పోసి చూశాను. బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు మామూలే. మిరియం ఘాటు గొంతులోకి దిగేసరికి వెనక నుంచి పండు వాసన వస్తుంది. దేవుడి దగ్గర పెట్టడానికి మాత్రం మామూలు పానకమే చేశాను. అమ్మ అడగలేదు, నాకే మార్చాలనిపించలేదు.

ఇక తొక్కలు. నేను ఇన్నేళ్ళుగా పారేసినందుకు అన్నిటికన్నా ఎక్కువ చింతించింది వీటి గురించే. మెక్సికోలో అనాస తొక్కల్ని ముడిచక్కెరతో, దాల్చినచెక్కతో నీళ్ళలో పులియబెట్టి తెపాచే అనే పానీయం చేస్తారు. దాని గురించి చదవగానే నాకు గుర్తొచ్చింది మా నాయనమ్మ తరవాణి కుండ. గంజి పులిస్తే మనకి తరవాణి, తొక్క పులిస్తే వాళ్ళకి తెపాచే. పండుని ముందే బాగా రుద్ది కడిగి, ఒక పండు తొక్కలూ నడిమి గట్టి భాగమూ రెండు లీటర్ల నీళ్ళలో వేసి, నూటయాభై గ్రాముల బెల్లం కరిగించి, పల్చటి గుడ్డ కట్టి పెట్టాను. మే నెల హైదరాబాద్ ఎండకి మర్నాటి సాయంత్రానికే సన్నటి బుడగలు లేచాయి. రెండో రోజు రాత్రి వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పుల్లగా, కొంచెం తియ్యగా, నాలుక మీద చిటపటలాడుతూ ఉంది. మూడో రోజు దాటితే పులుపు ఎక్కువై వినెగర్ దారి పడుతుంది. పైన నల్లగానో పచ్చగానో బూజు కనిపిస్తే మొత్తం పారబోయండి, గరిటెతో తీసేసి వాడుకోకండి. మూత బిగించిన గాజు సీసాలో బయట పెట్టకండి, లోపల గాలి పెరిగి పగులుతుంది. పులిసినదంటే కొద్దిగా ఆల్కహాల్ కూడా చేరుతుంది కాబట్టి పిల్లలకి నేను పోయను.

జూన్ చివర్లో పాలకొండ వెళ్ళాను. సీతంపేట దారిలో చెట్టుకింద ఒక ముసలమ్మ పది పన్నెండు పళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఒకటి తీసి వాసన చూస్తుంటే, "తెల్లారే కోసినాం అమ్మా, రేపటికి ఉంచకు" అంది. మూడు కొన్నాను. ఇంటికెళ్ళి నాన్న కూర్చునే చోటే పీట వేసుకుని, వరస వెంబడి గాడి తీస్తూ కోశాను. నాన్నకి ఊడినట్టు ఒక్క ముక్కగా ఊడలేదు, రెండు చోట్ల తెగింది. పెదనాన్నకి కబురు పెడితే వచ్చారు. పులుసు పెట్టి ఆయనకి రుచి చూపించాలనే కొన్నాను అసలు. కానీ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక ఇంక పొయ్యి వెలిగించాలనిపించలేదు. ఉప్పూకారం గిన్నె మధ్యలో పెట్టుకుని మూడు పళ్ళూ తినేశాం. నేను వంటగదిలో కుండ కడిగి తొక్కలు వేస్తుంటే, పెదనాన్న గుమ్మం దగ్గరికొచ్చి, "వాటితో ఏం చేస్తావే?" అని అడిగారు.